మల్లి మెడపట్టీ

మా ఊళ్లో ఇప్పుడు పిల్లల మార్కులు ఎవరూ అడగరు, పెయ్యల మార్కులే అడుగుతారు. మెడకు కట్టిన పట్టీ చెమటలోని హార్మోన్లను చూసి, ఆ పెయ్య చూడి కడుతుందో లేదో నూటికి ఇన్నని వారానికోసారి సెల్లుకు పంపుతుంది. పదికి తగ్గితే మరునాడే పనికిరాని పశువులను తోలుకుపోయే బండి వచ్చేస్తుంది.

ఓబులేసు పెయ్య మల్లికి పోయిన వారం ఎనభై ఆరు వచ్చింది. ఆ సంబరంలో అతడు వీధంతా బెల్లం పంచాడు. నిన్న సున్నా వచ్చింది. "ఈ పశువు ఇక ఈనదు" అని సెల్లు పైకి చదివింది కూడా.

ఈ పొద్దున బండి వచ్చి వాకిట్లో ఆగింది. ఓబులేసు మల్లి మెడను వాటేసుకుని, "పాపిష్టి మిషను, అబద్ధాలు చెప్తాంది!" అని తిట్టాడు. అప్పుడు గానీ మెడకు పట్టీ లేదని అతడికి తెలియలేదు. పట్టీ ఉండాల్సిన చోట పసుపూ నూనే పూసిన పుండు ఉంది.

"అమ్మా! పట్టీ యాడ పెట్టినావే?"

డెబ్బై ఏళ్ల సుంకులమ్మ పేడ చేతులు కడుక్కుని వచ్చింది. పైట తొలగించి, జబ్బకు కట్టుకున్న పట్టీ చూపించింది.

"దాని మెడ ఒరుసుకపోయింది రా. పట్టీ ఇప్పి గూట్లో పెడితే నీ సెల్లు ఊరంతా ఇనపడేట్టు అరుస్తాది. అందుకే మూడు దినాల నుంచి నేనే కట్టుకున్యా."

బండి డ్రైవరు నవ్వాపుకోలేక స్టీరింగు మీద వాలిపోయాడు. ఓబులేసు మళ్లీ మిషను మీద నోరు చేసుకోబోయాడు.

సుంకులమ్మ అడ్డుపడింది. "దాన్నెందుకు తిడతావు రా? నిజమే చెప్పింది గదా!"