అరుపుల పోటీ

“కూచోమ్మా! నలుగురిలో అలా అరుస్తావా? మా పరువేం కాను?” అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

కోడలు కూచోలేదు. ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో అందరికన్నా గట్టిగా అరిచినవాళ్లకి బట్టలుతికే మిషను ఇస్తారట. ఎర్ర రిబ్బను కట్టించుకుని అది వేదిక మీద పెళ్లికూతురిలా నిలబడి ఉంది.

“అదొస్తే దుప్పట్ల బాధ వదులుతుంది అత్తయ్యా!”

“మిషను ఉతుకూ ఒక ఉతుకేనా? కాపురానికొచ్చిన నాటినుంచీ ఇంటెడు బట్టలూ చేత్తోనే ఉతికాను. నేనేమన్నా అరిగిపోయానా?”

పక్క కుర్చీలో మామగారు పొలమారినట్టు దగ్గాడు.

“లేడీస్! లెట్ యువర్ హెయిర్ డౌన్!” మైకులో యాంకరమ్మాయి కేక పెట్టింది.

“ఏమంటోంది ఆ పిల్ల?”

“ఎప్పుడూ బిగుసుకుని కూచునేవాళ్లని ఇవాళ్టికి బిడియం వదిలెయ్యండి, మనసులో ఉన్నది పైకి అనేసి హాయిగా ఉండండి అంటోంది. ఇంగ్లీషులో అలాగే అంటారు.”

“చాల్లే! అందరూ అన్నీ అనేస్తే కాపురాలు నిలబడ్డట్టే!”

కోడలు చెయ్యి విడిపించుకుని మెట్లెక్కేసింది. షరతు ఒకటే. ఇన్నాళ్లూ ఎవరితోనూ అనని మాట అరవాలి. శబ్దం కొలిచే మీటరులో ముల్లు ఎవరికి ఎక్కువ లేస్తే వాళ్లదే మిషను.

మొదటిసారి నోరు తెరిస్తే పిల్లికూన కూత వచ్చింది. జనం గొల్లుమన్నారు. ఆమె చెవులు వేడెక్కాయి.

“ఇంకొక్క ఛాన్సు!” అంది యాంకరు.

నీళ్లలో నానిన దుప్పటి బరువు భుజాల్లో సలిపింది. కోడలు కళ్లు గట్టిగా మూసుకుంది.

“దుప్పట్లు ఉతకడం ఇంక నా వల్ల కాదూ!”

ముల్లు ఎగిరి అంచుకి కొట్టుకుంది. ఈలలు, చప్పట్లు! ఎవరో కుర్చీ ఎక్కి గెంతుతున్నారు. ఇంత గొంతు తనలో ఉందా? తనూ గెంతిన కోడలు గాల్లోనే బిక్కచచ్చిపోయింది.

అత్తగారు విసవిసా మెట్లెక్కి వస్తోంది.

‘అయిపోయాను’ అనుకుంది. ‘మిషనొచ్చినా ఇంట్లోకి రానివ్వదు.’

అత్తగారు ఆమె వంక చూడనైనా లేదు. యాంకరు చేతిలోంచి మైకు లాక్కుంది. కింద మామగారు లేచి నిలబడి “వద్దే, వద్దే!” అంటూ రెండు చేతులూ ఊపేస్తున్నాడు. ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుంది.

“నా కాపురంలో ఒక్క దుప్పటీ నేనుతకలేదే అమ్మాయ్! అన్నీ మీ మామయ్యే ఉతికారూ!”