మైలడి వంతు

రోహిణి కార్తెలోనే వానలు దిగిన ఏడు అది. ఉప్పుబండ్లు లాగే ఎడ్లలో బసవడు ముసలివాడు. కాళ్లు కుంటకముందే అందరికీ వంతులవారీగా గిట్టల నాడాలు మార్చాలని అతని పట్టు.

"ఇవాళ నీ వంతురా, మైలా."

"నేను కుంటడం లేదుగా తాతా. తాడేసి పడదోస్తారు, ఆవులు చూస్తాయి," అని కోడె మైలడు గడ్డివాము వెనక దాక్కున్నాడు.

మర్నాడు ఇద్దరూ ఒకే కాడి కింద వాగు దాటుతుంటే మైలడి అరిగిన నాడా ఊడింది. కాలు జారి కూలబడ్డాడు. నీళ్లు పొట్టదాకా వచ్చాయి.

"నా మీద ఆనుకోరా, నాన్నా," అంటూ బసవడు బండినీ వాడినీ కలిపి ఒడ్డుకు లాగాడు.

మరుసటి రోజు ఆవులన్నీ చూస్తుండగా, తాడు వేయకముందే మైలడు పడుకుని కాళ్లు చాచాడు. బసవడు పక్కన నిలబడి వాడి చెవి నాకాడు.

ఆనాడు వాగులో వాడిని లాగినప్పుడే బసవడి భుజం కీలు తప్పింది. అతను మళ్లీ బండి లాగలేదు.