బస్సులోంచి చూసిన రంగు

శ్రీరామ్మూర్తి బావకు,

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులూ ఉంటాయి. ఏమీ అనుకోక చదువుకో.

మనిద్దరం కలిసి కొన్న పాత కారుని బాగుచేస్తుంటే, రంగు దగ్గర మాటా మాటా వచ్చింది. "పుట్టినప్పుడున్న మీగడ రంగే ఏయాల, నేకపోతే అది ఆ కారే కాదు" అన్నావు నువ్వు. "తోలేది నాను. నాకు ఇటికరంగే ఇష్టం" అన్నాను నేను. ఆ రోజు గాజువాక వెళ్ళినవాడివి మళ్ళీ మా గడప తొక్కలేదు.

మొన్న బస్సులో మా వీధి మీదుగా వెళ్తూ కారుని చూశావట. "ఇటికరంగేసి ఆడి పంతమే నెగ్గించుకున్నాడు" అని మొహం తిప్పుకున్నావట. మీ చెల్లెలు గౌరీశ్వరి చెప్పింది.

"మా అన్నయ్యకి నోటితో సెప్పలేకపోతే కార్డు ముక్కైనా రాయరాదేటి?" అని నన్ను కసిరింది కూడా.

తుప్పు గీకి గీకి నా చేతులు పడిపోయాయి బావా. రంగు వేసే రోజు పొద్దున్నే ఇటుకరంగు డబ్బా మూత తీశాను. నువ్వు పక్కన కూర్చోకపోతే ఈ కారులో ఎక్కడికి వెళ్తాను అనిపించింది. మూత బిగించేసి, పూర్ణా మార్కెట్‌కి పోయి మీగడ రంగు తెచ్చి వేశాను.

నువ్వు చూసింది రంగు కాదు, హార్బరు వైపు ఇనప ఖనిజం గుట్టల నుంచి వచ్చి పడ్డ ఎర్ర దుమ్ము. వేలితో గీస్తే కింద నీ రంగే ఉంది.

నేను తుడవలేదు. గుడ్డ తీసి సీటు మీద పెట్టాను, నువ్వే వచ్చి తుడువు. ఎప్పుడు వస్తావో వెంటనే రాయి.

నీ బావ