నిమిషానికి ఒక ఎంబీ

“ఆపు, ఆపు రత్నా! ఫోను నిండిపోయింది.”

జోలపాట మొదటి మాట దగ్గరే రత్నమ్మ ఆగింది. తిప్పేస్వామి సారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, తెరమీది అక్షరాలు చదివారు. స్థలం చాలదట. ఏదీ రికార్డు కాలేదు.

“మళ్లా పాడల్లా?” ఆమె గొంతు ఎండుటాకు నలిగినట్టుంది.

“ఇప్పుడొద్దు. బత్తలపల్లెకు పోయి మెమరీ కార్డు తెస్తా. అంతవరకు ఆ గొంతును ఊరికే అరగదీయొద్దు.”

రెండు వారాల్లో ఆయన భార్యకు ఆపరేషను. అనంతపురం డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. గొంతులోని గడ్డతోపాటు స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. ప్రాణం నిలిస్తే నిలవచ్చు, గొంతు మాత్రం నిలవదు. జీవితమంతా బడిలో సైన్సు చెప్పిన సారుకు ఆ మాటలో సందేహించడానికి ఏమీ దొరకలేదు. బళ్లారిలో ఉన్న కూతురు అర్చనకు నెలలు నిండుతున్నాయి, ప్రయాణం కూడదన్నారు. ఆమె అడిగింది ఒక్కటే: “నా బిడ్డకు అవ్వ గొంతు దాచిపెట్టు నాయనా.” ఇక ఆయన చేతిలో మిగిలింది ఆ పనొక్కటే.

గడప దిగుతుంటే పక్కింటి బయమ్మ అడ్డం వచ్చింది. “సారూ, తాయెత్తు కట్టిస్తే గొంతు యాడికీ పోదంట. ఒకసారి చూడగూడదా?”

“తాయెత్తులో ఎన్ని ఎంబీలు పడతాయో కనుక్కో బయమ్మా. కార్డు కంటే ఎక్కువ పడితే అదే కట్టిస్తా.”

“నీకు అన్నీ ఎకసెక్కాలే,” అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది.

సెల్ దుకాణం ఓబిలేష్ కార్డు వేసి ఇచ్చాడు. సారు తెర చూసి కనుబొమలు ముడిచారు.

“ఏమప్పా, పైన ముప్పై రెండు జీబీ అని రాసుండాది, లోపల ఇరవై తొమ్మిది పైచిల్లరే చూపిస్తాంది. మిగతాది యాడికి పోయింది?”

“కంపెనీవాళ్లు అంతే సార్. నేనేమీ గిల్లుకోలేదు!”

ఆ తేడా ఎందుకొచ్చిందో బస్సులో కూర్చున్నాక గానీ ఆయనకు తట్టలేదు. ఇంటికొచ్చి రత్నమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, ఫోనులో రికార్డింగు ఎర్ర చుక్క నొక్కారు.

“చెప్పు. జాగా తక్కువని భయపడొద్దు. కంపెనీవాడు వెయ్యికొక మెట్టు కట్టినాడు, ఫోను వెయ్యిన్ని ఇరవై నాలుగుకొక మెట్టు కడతాంది. సంతలో కొలిచే పడి చిన్నది, మన ఇంట్లో కొలిచే పడి పెద్దది. సరుకు అదే, కొలత లెక్క మారింది. ఇంక విను. నిమిషం మాటకు ఒక ఎంబీ. వెయ్యిన్ని ఇరవై నాలుగు ఎంబీలైతే జీబీ. అంటే నువ్వు కన్ను మూయకుండా మూడు వారాలు మాట్లాడినా ఇది నిండదు. కార్డే ఎక్కువ, మనకుండే దినాలే తక్కువ.”

రత్నమ్మ నోరు తెరిచింది. అంతలో వీధిలో నీళ్ల ట్యాంకరు హారను మోగింది. సారు చప్పున రికార్డింగు ఆపారు. “ఉండు, ఆ మోత పడితే బిడ్డ జడుసుకుంటాది.”

ట్యాంకరు కదిలేదాకా రత్నమ్మ కిటికీలోంచి బిందెల వరస చూస్తూ కూర్చుంది. తనలో తను నవ్వుకుంటూ మెల్లగా అంది: “అర్చన పుట్టిన యాడాదీ ఇట్లే కరువు. బిడ్డకు స్నానం చేయించిన నీళ్లు పారబోయనీకి చేతులు రాలేదు. మునగచెట్టుకు పోస్తి. ఆ చెట్టూ, మన బిడ్డా ఒకే నీళ్లు తాగి పెరిగినారు.”

“అబ్బా! అదే, అదే చెప్పు!” సారు ఫోను అందుకున్నారు.

“చెప్తి గదప్పా. అడిగితే మళ్లా అట్లే యాడొస్తాది?”

“సరే, మాట నేను ఎత్తుకుంటా. నువ్వు అందుకో.”

ఆమె తలూపింది. ఆయన ఎర్ర చుక్క నొక్కారు.

తర్వాత ఒక్క పూట కూడా మానలేదు. వేరుశనగ చేను ఊడలు దిగకముందే మాడిపోతున్నా సారు అటు తొంగిచూడలేదు. ఆమె తడుముకున్నచోట మాట అందించారు. ఆయాసపడినచోట వాక్యం పూర్తిచేశారు. బిడ్డకు అర్థం కాదేమో అనిపించినచోట విడమరచి చెప్పారు. ఆమె అలసిపోకూడదు కదా! పొద్దు గూకేవేళ ఫైళ్లు చూసుకొని, “ఈ పొద్దు ఇంకో ముప్పై ఎంబీలు!” అని సంబరపడేవారు. రత్నమ్మ ఆయన ముఖం చూసి నవ్వేది.

ఆపరేషను అయింది. మెడకు గొట్టంతో ఇంటికి వచ్చిన రోజు రత్నమ్మ ఆయన్ను పిలవబోయింది. గొట్టంలోంచి గాలి మాత్రమే వచ్చింది. కార్డులో ఉన్నది విందామని సారు ఫోను తీశారు గానీ, వేలు ముందుకు పోలేదు. ఆ గొంతు వినే ధైర్యం ఇంకా రాలేదు.

బళ్లారిలో ఆడబిడ్డ పుట్టిందని తెలిసిన రోజున లెక్క వేశారు. ఫైళ్లన్నీ కలిపి నాలుగు వందల పది ఎంబీలు. ఫోనుకు రోజువారీ డేటా ఒకటిన్నర జీబీ, అంటే పదిహేను వందల ముప్పై ఆరు ఎంబీలు. మూడో వంతైనా కాదు. కూర్చున్నచోటు నుంచి లేవకుండా అన్నీ పంపేశారు.

రెండు రోజులకు అర్చన ఫోను చేసింది. సారు స్పీకరు పెట్టి, రత్నమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“అన్నీ తెరుచుకున్యాయా అమ్మా?”

“తెరుచుకున్యాయి నాయనా. బిడ్డను ఒళ్లో పెట్టుకొని మొదట్నుంచి కడదాకా వింటి.”

“చూసినావా రత్నా? ఒక్క బైటు కూడా పోలేదు!”

అవతల పసిబిడ్డ ఏడుపు అందుకుంది. అర్చన జోకొడుతూనే అడిగింది:

“వీటిల్లో అమ్మ యాడుండాది నాయనా?”