ఒక్కరు తక్కువ

“ఇంకొక్కరు కావాలి బైరాగి బాబూ. ఒక్కరంటే ఒక్కరు.”

ప్రిన్సిపల్ మేడమ్ బెంగాలీలో అన్న ఆ మాటకు బైరాగి తల దించుకున్నాడు. రేపు పొద్దున యూనివర్సిటీకి లెక్క చెప్పాలి. సంఖ్య తగ్గితే ఆడపిల్లల కోసం కొత్తగా పెట్టిన మార్నింగ్ సెక్షన్ ఎత్తేస్తారు. చేరినవాళ్ళంతా ఇళ్ళకు పోవలసిందే. మగపిల్లలతో కలిపి పగటి క్లాసులకు పంపే తండ్రి ఖిదిర్‌పూర్ రేవు పనివాళ్ళ డాక్ క్వార్టర్లలో ఒక్కడూ లేడు.

బైరాగి ఆ కాలేజీలో గుమాస్తా. పుట్టి పెరిగింది ఆ క్వార్టర్లలోనే. అందుకే తెలుగు పిల్లల్ని తెచ్చే పని అతనికి అప్పగించారు. అతని పద్ధతులు అతనికున్నాయి. కరపత్రాలు పంచడు, చదివేవాళ్ళెవరు? ముందుగా తండ్రుల జోలికి పోడు. పొద్దున్నే కుళాయి దగ్గర తల్లుల్ని పట్టుకుంటాడు. “పదింటికల్లా పిల్ల ఇంట్లో ఉంటాది. నీ పనికి అడ్డేటి?” అంటాడు. ఆ తర్వాత తండ్రిని కాలేజీ గేటు దాకా లాక్కొచ్చి, నెరిసిన మీసాల దర్వానును చూపిస్తాడు. ఒక్కొక్కర్నీ విడిగా కాదు, గుంపుగా చేర్పిస్తాడు. అందరూ ఒకే బస్సెక్కాలి, ఒకే బస్సు దిగాలి. వేసవంతా అలా తిరిగి ఇంతమందిని పోగుచేశాడు. ఇప్పుడు ఒక్కరి దగ్గర ఆగిపోయింది.

“అన్ని ఇళ్ళలో హయ్యర్ సెకండరీ పాసైన ఇంకో అమ్మాయే లేదా?” అంది మేడమ్.

బైరాగి కిటికీలోంచి బయటికి చూశాడు. చేతిలో గొడుగు అటూ ఇటూ తిప్పాడు.

“ఒకామె ఉంది మేడమ్. అప్పలకొండమ్మ అని. ఫస్ట్ డివిజన్‌లో పాసైంది. పెళ్ళయింది.”

“చదవాలని లేదా?”

“ఉంది. అడుగుతూనే ఉంది. మొగుడే ఒప్పుకోడు.”

“ఏం, తాగుబోతా?”

“కాదు మేడమ్! మంచివాడే.”

“మరి?”

“అతనూ హయ్యర్ సెకండరీతోనే ఆగిపోయాడు. రేపు ఆమె బి.ఎ. అయితే...”

“అహంకారం.”

“భయం మేడమ్,” అన్నాడు బైరాగి నెమ్మదిగా.

మేడమ్ కళ్ళద్దాలు తీసి అతని వంక చూసింది. “అతని సంగతి మీకింత బాగా తెలుసు కదా. అంతమంది తండ్రుల్ని ఒప్పించారు. వెళ్ళి ఆ ఒక్కణ్ణీ ఒప్పించండి.”

“నా మాట వినడు మేడమ్.”

“ఎప్పుడైనా చెప్పి చూశారా?”

బైరాగి గొడుగు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

బస్సు ఖిదిర్‌పూర్ దగ్గర ఊరేగింపులో ఇరుక్కుంది. ఎటు చూసినా ఎర్రజెండాలు. ‘చొల్బే నా, చొల్బే నా’... సాగదు, సాగదు అని ఒకటే కేకలు. బైరాగి కూర్చోలేక దిగిపోయాడు. ట్రాము పట్టాలు దాటాడు. క్వార్టర్ల సందు మొదటికి వచ్చాడు. లోపలికి పోకుండా మళ్ళీ రోడ్డు మీదికి వచ్చి, కొట్టు బల్ల మీద కూర్చుని టీ చెప్పాడు. మట్టి ముంతలో టీ చల్లారిపోతున్నా తాగలేదు.

డాకులో డ్యూటీ దిగి వస్తున్న గవరయ్య అతని పక్కన కూలబడ్డాడు. గవరయ్య కోడలు జగ్గమ్మ కిందటి నెలే మార్నింగ్ సెక్షన్‌లో చేరింది.

“ఏటి బైరాగీ, అలాగున్నావు?”

“ఒక్కలు తక్కువైనారు మావా. సెక్షన్ మూసేస్తారంట.”

గవరయ్య ముఖం మారిపోయింది. “అదేటి! మా కోడలు కూర కలుపుతా ఇంగ్లీసు పాఠాలు సదూతంది. ఇప్పుడు మానీమంటే ఊరుకుంటాదా? ఇంకెవలూ నేరా?”

“ఉన్నారొకలు. మొగుడు పంపడు.”

“నన్ను కడిగినట్టే ఆడినీ కడిగీ మరి! నేను కాదన్నప్పుడు నువ్వేటన్నావు? ‘అది సదివితే నువ్వు పొట్టోడివైపోతావేటి మావా’ అన్నావు. నవుతానే అన్నావు గానీ, రెండ్రోజులు నాకు కూడెక్కనేదు.”

బైరాగి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ముంత అలాగే వదిలేసి లేచాడు.

అప్పలకొండమ్మ ఉండే ఇంటి దాకా వెళ్ళాడు. ఆగకుండా దాటిపోయాడు. సందు చివర కుళాయి దగ్గర నిలబడి, ఆ మొగుడికి చెప్పవలసిన మాటలు మనసులో పేర్చుకున్నాడు. చిత్రమేమిటంటే, ఒక్కొక్కదానికీ అవతలి జవాబు ముందే వినిపిస్తోంది. వంటెవరు చేస్తారు? నలుగురూ ఏమనుకుంటారు? రేపు నా మాటకు విలువుంటుందా? మొదటి రెండింటికీ తడుముకోలేదు. వేసవంతా చెప్పిన సమాధానాలే. మూడోదాని దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. చివరికి కుళాయి తిప్పి ముఖం కడుక్కుని, వెనక్కి నడిచి తలుపు కొట్టాడు.

అప్పలకొండమ్మ తలుపు తీసింది. మోచేతుల దాకా పిండి.

“దొరికినారా?” అంది. అతని తిరుగుడు సంగతి క్వార్టర్లన్నింటికీ తెలిసిందే.

“దొరికినారు.”

“ఎవలు?”

“నువ్వే. రేపు పొద్దున్నే జగ్గమ్మతో బస్సెక్కీ.”

ఆమె ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది. అతను వేళాకోళమాడుతున్నాడేమోనని ముఖంలోకి చూసింది.

“ఎన్నిసార్లడిగినా ఒప్పుకోనేదు గదా.”

“మీ ఆయన ఒప్పుకున్నాడులే,” అంటూ బైరాగి లోపలికి వచ్చి, చొక్కా విప్పి, రోజూ తగిలించే మేకుకే తగిలించాడు.