ఆదివారం సెలవు

ఇల్లు పంచుకున్నాక తమ్ముడు నాతో మాటలు మానేశాడు. వీధిలో ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. అందుకే వాడికి చెప్పాల్సినవన్నీ నా పాత బ్లాగులో రాసేవాణ్ణి. అమ్మ కంటి ఆపరేషన్, నా షుగరు, ఇద్దరం ఒకే సైకిలు మీద బడికెళ్లిన రోజులు.

బ్లాగు ఎందరు చూశారో చూపే లెక్కలో రోజూ ఒకటే ఉండేది. పొద్దున వాడు జిరాక్స్ షాపు తెరిచే వేళకే ఆ అంకె పడేది. ఆదివారం మాత్రం సున్నా. షాపుకు సెలవు కదా, పిల్లలతో గడుపుతాడులే అనుకునేవాణ్ణి. పైకి ఎంత బింకమున్నా లోపల నేనంటే ప్రాణమేనని మురిసిపోయేవాణ్ణి.

మొన్నామధ్య మరదలు ఫోన్ చేసింది.

"బావగారూ, షాపులో ఇంటర్నెట్ తెరవగానే ముందు మీ బ్లాగే వస్తోంది. కంప్యూటర్ కొన్నప్పుడు మీరే అలా పెట్టి ఇచ్చారట. ఈయన రోజూ చూడకుండానే మూసేసి విసుక్కుంటున్నారు. ఎలా తీసెయ్యాలో కాస్త చెబుతారా?"

ఎక్కడెక్కడ నొక్కాలో ఓపిగ్గా చెప్పాను.

"పోయింది బావగారూ. ఏమీ అనుకోకండి."

"ఇందులో అనుకోడానికేముందమ్మా" అన్నాను.

అప్పట్నుంచి నా బ్లాగులో రోజూ ఆదివారమే.