విరిగిన బిస్కెట్లు

జేబు మీద జిడ్డు మరక కనపడగానే కోడలు చొక్కాని బకెట్లో ముంచబోయి ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తిన్నగా వరండాలోకి వచ్చింది.

"ఏంటి మామయ్యా ఇది?"

పెద్దాయన పేపర్లోంచి తల ఎత్తలేదు. "పాత చొక్కా కదమ్మా. బేకరీలో పనిచేసిననాటి మరకై ఉంటుంది."

"మీరు బేకరీ మానేసి పదేళ్ళయింది. పదేళ్ళ మరక ఇంత కమ్మటి వాసనొస్తుందా?"

ఆయన పేపరు మడిచాడు. మడిచినదాన్ని మళ్ళీ మడిచాడు.

"చిన్నపిల్లలైతే ఒక్కటిచ్చి కూర్చోబెడతాను. పెద్దవారు, మిమ్మల్నేమనను? డాక్టరు చెప్పింది మీరూ విన్నారు కదా. ఇంటిల్లిపాదీ నోరు కట్టుకుని ఉడకబెట్టిన గడ్డి తింటోంది ఎవరి కోసం?"

"తప్పేనమ్మా. ఇక తేను."

"పోయినసారీ ఇదే మాట," అంటూ ఆవిడ చొక్కాని వేడినీళ్ళలో పడేసింది.

ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలిననాడు డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. ఎక్కువగా వయసు మళ్ళిన మగవాళ్ళకి వచ్చే జబ్బు. చాలామందిలో నత్తలా పాకుతుంది. ఇప్పుడే కొయ్యక్కర్లేదు. అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేసి అంకె ఎటు పోతోందో కనిపెడదాం. అది పెరగనంతకాలం కత్తి జోలికి పోవద్దు.

"తిండిలో కొవ్వు తగ్గించండి. వెన్న, వేపుళ్ళు, కొవ్వు మాంసం. అవి ఈ జబ్బుని ఎగదోస్తాయని కొన్ని పరిశోధనలు అంటున్నాయి. ఇంకా గట్టిగా తేలలేదనుకోండి. మానేస్తే మాత్రం పోయేదేం లేదు."

వెన్న అన్న మాట దగ్గరే పెద్దాయన చెవులు ఆగిపోయాయి.

బతుకంతా ఆయన పిసికింది వెన్నే. బేకరీలో మేస్త్రీ. అక్కడొక పద్ధతి. విరిగిన బిస్కెట్లు అమ్మకానికి పోవు, అవి మేస్త్రీ వాటా. రోజూ పొయ్యి ఆర్పాక ఆ ముక్కల్ని కాగితంలో చుట్టి జేబులో వేసుకుని వచ్చేవాడు. ఆ ఇంట్లో కూర లేని పూట ఉందేమో గానీ బిస్కెట్ లేని పూట లేదు.

ఈ చేతులే తెచ్చిపెట్టాయి, అనుకునేవాడు గోళ్ళ సందుల్లోకి చూసుకుంటూ.

అయినా సాయంత్రమయ్యేసరికి కాళ్ళు బేకరీ వైపే లాగేవి. ఇప్పటి మేస్త్రీ ఆయన దగ్గర పని నేర్చినవాడే. "గురువుగారూ, మీరు బాగుందంటే గానీ నాకు నిద్రపట్టదు," అని పొట్లం చేతిలో పెట్టేవాడు. పెద్దాయన వద్దనడానికే నోరు తెరిచేవాడు. ఆ నోటితోనే "వెన్న కాస్త తగ్గినట్టుంది, చూసుకో," అని పొట్లం జేబులో వేసుకుని వచ్చేసేవాడు.

ఆ సాయంత్రమూ అంతే. పార్కులో కొడుకు కాచుకుని ఉన్నాడు. డాక్టరు నడవమన్నాడని తండ్రీకొడుకులు రోజూ రెండు చుట్లు తిరుగుతారు. ఆ తర్వాత బెంచీ మీద కూలబడతారు.

"మీ ఆవిడ పట్టేసిందిరా."

"ఎలా?"

"వాసన."

"పోలీసుల్లో చేరాల్సిన మనిషి, వంటింట్లో పడింది," అని కొడుకు నవ్వాడు. "అయినా తెచ్చావన్నమాట."

"విరిగినవేరా."

"విరిగితే వెన్న కారిపోతుందా నాన్నా?"

"సగమేగా."

పొట్లం విప్పి ఇద్దరి మధ్యా పెట్టాడు పెద్దాయన. "ఇదే ఆఖరు," అన్నాడు. "ఆఖరు," అన్నాడు కొడుకు. నిన్నా అలాగే అనుకున్నారు. పొట్లం ఖాళీ అయ్యాక పెద్దాయన కాగితాన్ని ఉండచుట్టి చెత్తడబ్బాలో వేసి, చేతులు గడ్డికేసి తుడుచుకున్నాడు. జిడ్డు పోలేదు.

వారం తిరక్కుండానే రక్తపరీక్ష. ముగ్గురూ వెళ్ళారు. డాక్టరు కంప్యూటర్లో చూసి పెదవి విరిచాడు.

"అంకె బాగా ఎగబాకింది. తిండిలో ఏమైనా తేడా వచ్చిందా?"

కోడలు నోరు విప్పేలోపే పెద్దాయన ముద్దాయిలా లేచి నిలబడ్డాడు.

"నాదే తప్పు డాక్టరుగారూ. వెన్న బిస్కెట్లు. రోజూ. ఈ పిల్ల మొత్తుకుంటూనే ఉంది."

"కూర్చో నాన్నా," అన్నాడు కొడుకు. "నాదీ ఉంది. వద్దనాల్సింది, అనలేదు."

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "పెద్దాయనా, బిస్కెట్ల వల్లే పెరిగిందని నేను చెప్పలేను. ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. బిస్కెట్ల పాపమేం లేదనీ చెప్పలేను. ముందు స్కాన్ తీయిద్దాం, ఇవాళే."

నాలుగు తిట్టినా బాగుండేది. ఎటూ తేల్చని ఆ మాట పెద్దాయన గుండెలో ముల్లులా దిగబడింది.

స్కాన్ గది బయట బల్ల మీద ముగ్గురూ వరసగా కూర్చున్నారు. పెద్దాయన గోళ్ళ సందుల్లోకి చూసుకుంటున్నాడు. కోడలు సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పి ఇచ్చింది.

"నన్ను తిట్టమ్మా."

"ఇంటికెళ్ళాక తిడతాను. ముందు నీళ్ళు తాగండి."

తలుపు తెరుచుకుంది. నర్సు పచ్చ గౌనుతో బయటికొచ్చింది. "ఒంటి మీద మెటల్ ఏదీ ఉండకూడదండీ. అన్నీ తీసి మీవాళ్ళకిచ్చి రండి."

పెద్దాయన లేచి నిలబడ్డాడు.

కొడుకు తన గడియారమూ ఉంగరమూ తీసి తండ్రి దోసిట్లో పెట్టి, నర్సు చేతిలోని గౌను అందుకుని లోపలికి నడిచాడు.